స్తంభం వెనక కుర్చీ

శనివారం మధ్యాహ్నం రెండు దాటితే కుర్చీల అత్తయ్యను ఇంట్లో పట్టి ఉంచడం ఎవరి తరమూ కాదు. చుట్టాలొచ్చినా అంతే, ఒళ్ళు వెచ్చబడినా అంతే, కోడలు గుమ్మానికి అడ్డంగా నిలబడినా అంతే. చేతిసంచిలో రెండు పాత గుడ్డలు, ఒక మంచినీళ్ళ సీసా, కళ్ళజోడు పెట్టె వేసుకుని "ఇప్పుడే వస్తా" అని బయల్దేరుతుంది. ఆ "ఇప్పుడే" సాయంత్రం ఆరింటికి గానీ తెమలదని ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఆవిడ వెళ్ళేది రెండు వీధుల అవతలి చర్చికి. చర్చి అంటే గంటా గోపురమూ ఉన్నది కాదు. ఒకప్పుడు అట్టపెట్టెలు దాచుకునే గోడౌను. పైన రేకులు, మధ్యలో నాలుగు లావుపాటి స్తంభాలు. సంఘం పెరిగి అద్దెగది చాలక, ఆ గోడౌను తీసుకుని రంగులు వేసి, ఒక కొసన వేదిక కట్టుకున్నారు. వారం మధ్యలో అదే హాల్లో పిల్లలకు ట్యూషన్లు, ఆడవాళ్ళకు కుట్టు క్లాసులు నడుస్తాయి. అందుకని కుర్చీలన్నీ దొంతరలుగా గోడవార నిలబడి ఉంటాయి. వాటిని దించి, తుడిచి, ఆదివారం ఆరాధనకు వరసలు కట్టడం అత్తయ్య పని. మొత్తం నూట అరవై నాలుగు కుర్చీలు. ఆ పని ఆవిడకు ఎవరూ అప్పగించలేదు. ఎవరూ చేయడం లేదని తనే చెయ్యేసింది, అది కాస్తా పదకొండేళ్ళయింది.

ఆవిడ పద్ధతి చూస్తే మాత్రం ఎవరికైనా, పాపం ఈవిడకి స్క్రూ లూజు అనిపించక మానదు. కుర్చీ దించుతుంది, తుడుస్తుంది, వేస్తుంది, ఆ తర్వాత అందులో కూర్చుంటుంది. అలసిపోయి చతికిలబడడం కాదు. మర్నాడు ఆ కుర్చీలో కూర్చోబోయే మనిషి ఎలా కూర్చుంటారో అలా కూర్చుంటుంది. వేదిక కనబడుతోందా, ఫ్యాను గాలి తగులుతోందా, ముందు కుర్చీ మోకాళ్ళను పొడుస్తోందా అని చూసుకుంటుంది. ఆపైన పెదవి కదపకుండా రెండు మూడు ఊపిర్లంత సేపు, ఒక్కోసారి పదిపన్నెండు ఊపిర్లంత సేపు అలాగే ఉండి, లేచి పక్క కుర్చీకి పోతుంది. "డబ్బులు పోసి జిమ్ముకెళ్ళేవాళ్ళు మా అత్తయ్యని చూసి నేర్చుకోవాలి, వారానికి నూట అరవై నాలుగు గుంజీలు" అని కోడలు తను పనిచేసే మందుల షాపులో అందరికీ చెబుతుంది. కోడలు అత్తయ్యా అత్తయ్యా అని పిలవడం విని సంఘమంతా అత్తయ్య అనడం మొదలుపెట్టింది. కుర్చీలు ఆ తర్వాత వచ్చి పేరుకు తగులుకున్నాయి.

ఈ కూర్చుని చూసే అలవాటు ఫ్యాక్టరీలో అబ్బింది. ఆవిడ ముప్ఫై ఏళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో ఆఖరి బల్ల దగ్గర పనిచేసింది. కత్తిరించడం, కుట్టడం అన్నీ అయ్యాక చొక్కా ఆవిడ చేతికొచ్చేది. ప్రతి గుండీ పెట్టి, మళ్ళీ తీసి, సరేనంటేనే డబ్బాలోకి వెళ్ళేది. చేరిన మొదటిరోజే ఆ బల్ల దగ్గరి పెద్దావిడ చెప్పింది: "గుండీని చూసి చెప్పకు, పెట్టి చెప్పు. కంటికి అన్ని గుండీలూ బాగానే ఉంటాయి." ఆ మాట ఎముకల్లోకి ఇంకిపోయింది. కుర్చీ సంగతీ అంతేనని ఆవిడ నమ్మకం.

అలా కూర్చుని కూర్చుని అత్తయ్యకు తెలియని విషయం లేదు. కుడిచెవి మాత్రమే వినబడే లెక్కల మాస్టారికి ఎడమ గోడ పక్కన వేస్తుంది. రాత్రంతా బస్సు నడిపి సరాసరి ఆరాధనకు వచ్చే డ్రైవరుకు, తల ఆనించుకుని నిద్రపోవడానికి వీలుగా గోడకు తాకేలా వేస్తుంది. "నిద్రపోనీ, వచ్చాడుగా" అంటుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోని తోడికోడళ్ళిద్దరికీ మధ్య సరిగ్గా మూడు కుర్చీలు. నాలుగైతే మరీ దూరమైపోతారట, రెండైతే గొడవట. వీటన్నిటిలోనూ కూర్చుని ఆవిడ చేసేదే ఆవిడ ప్రార్థన. మాటలుండవు. ఆ మనిషిగా కాసేపు కూర్చోవడం, ఆ మనిషిని ప్రభువు ముందు కూర్చోబెట్టడం, అంతే.

ఎందుకంటే నోరు విప్పి ప్రార్థన చేయడం ఆవిడ వల్ల కాదు. ఒకసారి స్త్రీల కూడికలో ముగింపు ప్రార్థన చేయమన్నారు. లేచి నిలబడింది. నాలుక పిడచకట్టుకుపోయింది. ఎదురుగా ఉన్న మొహాలన్నీ ఒకసారి కలియజూసి, "ప్రభువా... అందరూ వచ్చారు. ఆమేన్" అని కూలబడింది. గది గదంతా గొల్లుమంది. ఎవరో "హాజరుపట్టీ ప్రార్థన" అని పేరు కూడా పెట్టారు. అందరితోపాటు తనూ నవ్వింది గానీ, ఇంటికెళ్ళాక చాలాసేపు గుచ్చుకుంది. మళ్ళీ ఎవరూ ఆవిడను ప్రార్థన చేయమనలేదు, ఆవిడా చేస్తాననలేదు.

వరసలన్నీ అయ్యాక ఆవిడ వేదికెక్కి అయ్యగారి కుర్చీ తుడుస్తుంది. అయ్యగారు అంటే పాస్టరుగారు. నలభై ఏళ్ళుంటాయి, మంచి మనిషి. ఇంకా మంచి గొంతు. ముగింపు ప్రార్థనలో ఆ గొంతు ఒకచోట పూడుకుపోయి కళ్ళు చెమరిస్తాయి. దాని కోసమే పక్క వీధుల్నుంచి కూడా జనం వస్తారు. జనం పెరిగాక వేదిక మీద లైట్లు వచ్చాయి, కిటికీలకు నల్ల తెరలు వచ్చాయి, ఫోన్లలో చూసేవాళ్ళ కోసం కెమెరా వచ్చింది. అయ్యగారి కుర్చీలో అత్తయ్య అందరికంటే ఎక్కువసేపు కూర్చుంటుంది. ఎందుకో ముందుకు వెళ్ళాక తెలుస్తుంది.

ఇంకొక్క కుర్చీ సంగతి చెప్పాలి. రెండో స్తంభం వెనక ఒకటుంది. అక్కణ్ణుంచి వేదిక బొత్తిగా కనబడదు. పొరపాటున పడ్డదే, తీసేద్దామనుకుంది. కానీ వానలు మొదలైన నెలలో ఒకరు వచ్చి అందులో కూర్చోవడం మొదలుపెట్టారు. ఎవరన్నది అత్తయ్య కోడలికి కూడా చెప్పలేదు. అప్పటినుంచి ఆ కుర్చీని రెండుసార్లు తుడుస్తోంది.

అలా సాగిపోతున్న రోజుల్లో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక సిమెంటు పెద్దాయన మైకు పుచ్చుకున్నాడు. సంఘ పెద్దల్లో పెద్ద. సిమెంటూ ఇనుమూ అమ్మే షాపు ఆయనది. మనసు వెన్న, కాళ్ళు మాత్రం ఎప్పుడూ నిప్పుల మీద ఉంటాయి.

"మన అత్తయ్యగారు పదకొండేళ్ళుగా కుర్చీలు మోసి మోసి అరిగిపోయారు. ఇంక ఆవిడకి విశ్రాంతి ఇవ్వాలా, వద్దా?" అని అడిగాడు.

"ఇవ్వాలి!" అన్నారందరూ.

"అందుకే వచ్చే నెల నుంచి కుర్చీలు తీసేస్తున్నాం. మెత్తటి సీట్లు, సినిమాహాలు దిగదుడుపు! నేలకి బోల్టులేసి బిగించేస్తాం. ఎవరూ మొయ్యక్కర్లేదు. వచ్చే ఆదివారం అత్తయ్యగారి సేవ మీద వీడియో వేసి, వేదిక మీద సన్మానం!"

చప్పట్లు మోగాయి. అందరూ కొడుతున్నారని అత్తయ్యా కొట్టింది. సగంలో విషయం బుర్రకెక్కి చేతులు ఆగిపోయాయి.

ఇంటికొచ్చి కూర్చుంటే కోడలు పలకరించింది. "ఏమిటత్తయ్యా ఆ మొహం? పోనీలెండి, నడుం నొప్పయినా తగ్గుతుంది."

"నడుం సంగతి కాదే. నేనింక ప్రార్థన ఎక్కడ చేసుకోను?"

"మనింట్లో కుర్చీలు లేవా?"

"ఉన్నాయి. వాటిలో కూర్చుంటే నువ్వే గుర్తొస్తావు. నీ గురించి చెప్పీ చెప్పీ ప్రభువుకే విసుగొచ్చి ఉంటుంది."

కోడలు పకపకా నవ్వి, పక్కన కూర్చుంది. "సరే, ఆ బిగించిన సీట్లలోనే కూర్చోండి. ఎవరు వద్దన్నారు?"

"కూర్చుని చూశాక, ఈయనకి గాలి తగల్లేదు, ఆవిడకి మోకాళ్ళు పట్టలేదు అని తెలిస్తే ఏం చెయ్యను? బోల్టు పీకనా?"

"ఆ మాట పెద్దాయనతోనే అనండి మరి."

"ఏమని? కుర్చీల్లో కూర్చోవడమే నా ప్రార్థన అనా? నవ్వుతారే. ఒకసారి నవ్వారుగా."

ఈ నవ్వుల భయమే ఆవిడ కొంప ముంచింది. బుధవారం వీడియో తీయడానికి ఫోటోగ్రాఫరు వచ్చినప్పుడు కూడా నోరు పెగల్లేదు. అతను పెళ్ళిళ్ళ ఫోటోలు తీసి తీసి జుట్టు నెరిసినవాడు. ఎవరినైనా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పేస్తాడు.

"మీరు ప్రార్థన చేస్తున్నట్టు తీద్దామమ్మా" అన్నాడు.

"నేను ఊరికే కూర్చుంటాను బాబూ."

"కూర్చుంటే ఏముంది చూడ్డానికి? ప్రార్థన వినబడాలి." తన ఫోను తీసి ఆవిడ కళ్ళముందు పెట్టాడు. "ఇదుగో, ఎక్కడో దొరికింది, చాలా బాగుంది. ఒక్కో లైనూ చూసి చదివెయ్యండి. కళ్ళు మధ్యమధ్యలో మూసుకోండి. అలా కాదు, నిద్రపోయినట్టుంది. నుదురు కొంచెం ముడవండి. హా, అదీ!"

"సర్వోన్నతుడా, కరుణాసాగరా, నీ దీన దాసురాలు నీ పాదపద్మముల చెంత..." అని అత్తయ్య చదివింది. జన్మలో పలకని మాటలు. చివర్లో కన్నీళ్ళు కావాలన్నాడు. రావడం లేదంటే జేబులోంచి తలనొప్పి మందు డబ్బా తీసి, కళ్ళ కింద చిటికెడు రాశాడు. "మొహమాటపడకండమ్మా, పెళ్ళికూతుళ్ళకి కూడా ఇదే రాస్తాను." కళ్ళు భగ్గుమని బొటబొటా కారాయి. "అద్భుతం! అయ్యగారికి పోటీ వచ్చేలా ఉన్నారు" అన్నాడు.

అత్తయ్య ఇంటికెళ్ళి మూడుసార్లు మొహం కడుక్కుంది. మంట పోయింది గానీ లోపలిది పోలేదు. "గుండీ కుట్టకుండా జిగురుతో అంటించి డబ్బాలో పెట్టేశానే" అంది కోడలితో. ముప్ఫై ఏళ్ళలో ఒక్క దొంగ గుండీని వదలని మనిషి. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆదివారం నూట అరవై నలుగురి ముందు ఆ దొంగ ప్రార్థన మోగుతుంది. వచ్చే నెలలో అసలు ప్రార్థనకు కుర్చీలు లేకుండా పోతాయి. ఇదీ ఆవిడకు దక్కబోయే సన్మానం.

శనివారం ఎప్పటిలాగే సంచీ పుచ్చుకుని వెళ్ళింది. ఎలాగైనా అయ్యగారిని కలిసి, వీడియో వద్దని చెప్పాలని నిశ్చయించుకుంది. ముందు స్తంభం వెనక కుర్చీ వేసి, తుడిచి, అందులో కూర్చుని ధైర్యం తెచ్చుకుంటోంది. అంతలో పక్క తలుపు తెరుచుకుంది. వేదిక మీద లైట్లు వెలిగాయి. అయ్యగారు ఒక్కరే వచ్చారు. హాల్లో ఎవరూ లేరనుకుని, కాగితం విప్పి మైకు ముందు నిలబడ్డారు.

"ప్రభువా, నలిగిపోయిన ఈ గుండెల్ని..." అని మొదలుపెట్టి ఆగారు. గొంతు సవరించుకున్నారు. "ఇక్కడ కాదు. ఇంకో రెండు మాటలయ్యాక." మళ్ళీ చెప్పారు. ఈసారి గొంతు పూడుకుపోయింది. "మరీ తొందరగా వచ్చేసింది" అని గొణుక్కుని మూడోసారి చెప్పారు. అచ్చు ఆదివారం వినబడేటట్టే వచ్చింది. ఆ మాట దగ్గర కాగితం మీద పెన్నుతో చిన్న గీత గీసుకున్నారు.

స్తంభం వెనక అత్తయ్య ఇరుక్కుపోయింది. లేచి వెళ్ళిపోదామంటే చెప్పులు చప్పుడవుతాయి. ఉండిపోదామంటే వినకూడనిది వింటోంది. ఇలా కక్కలేక మింగలేక ఉండగా, తుడిచిన గుడ్డలోని దుమ్మంతా ముక్కులోకి వెళ్ళి, రేకులు అదిరేలా ఒక తుమ్ము వచ్చింది.

"ఎవరది?" అన్నారు అయ్యగారు.

"నేనేనండీ, కుర్చీల దాన్ని" అంటూ స్తంభం పక్కనుంచి తల బయటపెట్టింది.

అయ్యగారు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయారు. చేతిలో కాగితం ఎక్కడ దాచాలో తెలియలేదు. ఆ మొహం చూసి అత్తయ్యకు జాలేసింది. ఏదో ఒకటి అనాలని, మనసులో ఉన్నది అనేసింది.

"నేనూ అదే పని చేశానండీ, మొన్న బుధవారం. నాకు తలనొప్పి మందు కూడా రాశారు."

వీడియో సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పి, దాన్ని వేయొద్దంది. దీన దాసురాలి దగ్గరికి వచ్చేసరికి అయ్యగారికి నవ్వాగలేదు. వేదిక అంచున కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. ఆవిడా నవ్వింది. నవ్వు ఆగాక ఆయన మెల్లగా అన్నారు.

"కన్నీళ్ళు మొదటిసారి నిజంగానే వచ్చాయి అత్తయ్యా. మా నాన్న పోయిన వారం. ఆ వీడియో ఎంతమందో చూశారు. తర్వాతి వారం అందరూ దాని కోసమే ఎదురుచూస్తూ కూర్చున్నారు. రాకపోతే ఏమనుకుంటారో అని తెప్పించుకున్నాను. అప్పటినుంచి తెప్పించుకుంటూనే ఉన్నాను. ఒంటరిగా ప్రార్థన చేసుకుందామని కూర్చుంటే ఒక్క మాట రావడం లేదు."

"మాటలు నాకెప్పుడూ రావండీ" అంది అత్తయ్య. "అందుకే కూర్చుంటాను." తన పద్ధతి చెప్పింది. నవ్వుతారేమోనని నేల చూపులు చూస్తూనే చెప్పింది. ఆయన నవ్వలేదు.

"ఇప్పుడు కూర్చున్నది ఎవరి కుర్చీ?" అని అడిగారు.

అత్తయ్య చేతిలోని గుడ్డను మడతపెట్టింది. అంత సూటిగా అడిగాక అబద్ధం చెప్పడం ఆవిడ వల్ల కాదు. ఆ వారానికి సరిపడా అబద్ధం బుధవారమే అయిపోయింది.

"అమ్మగారిదండీ. మీ ఇంటావిడది."

"ఆవిడ మొదటి వరసలో కదా కూర్చునేది?"

"వానలు మొదలైనప్పటినుంచి ఇక్కడేనండీ. పిల్లల క్లాసు చూసుకుని ఆలస్యంగా వస్తారు కాబట్టి వెనక కూర్చుంటున్నారని అందరూ అనుకుంటున్నారు."

అయ్యగారు స్తంభం వైపు చూశారు. "ఎందుకట?"

"నేనడగలేదు. కూర్చుని చూశానంతే. మీరూ కూర్చోండి."

ఆయన వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నారు. ముక్కుకు జానెడు దూరంలో పెచ్చులూడిన స్తంభం. వేదిక లేదు, లైట్లు లేవు. వేదిక మీద ఎవరైనా ఏడ్చినా ఇక్కడికి కనబడదు. ఆయన అలాగే కూర్చున్నారు. అత్తయ్య దూరంగా వెళ్ళి మిగతా కుర్చీలు దించుకుంటూ ఉండిపోయింది. ఎంతసేపు కూర్చున్నారో ఆవిడ లెక్కపెట్టలేదు గానీ, ముప్ఫై కుర్చీలు మాత్రం దించింది.

తర్వాత ఆయన చొక్కా చేతులు మడుచుకుని వచ్చి రెండో గుడ్డ అడిగారు. ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు. ఆయనకు మొదట్లో ఒక ఊపిరంత సేపు కూడా నిలవలేదు. "కాలుతోందా ఏమిటండీ, అలా లేచిపోతున్నారు?" అని అత్తయ్య కేకలేసింది. డ్రైవరు కుర్చీలో కూర్చుని గోడకు తల ఆనించాక, "పాపం, ఇతను నా ప్రసంగం విసుగై నిద్రపోతాడనుకునేవాణ్ణి" అన్నారు. "అదీ ఉందిలెండి" అంది అత్తయ్య.

ఆఖరికి వేదిక మీద పెద్ద కుర్చీ మిగిలింది. "ఇందులో ఏముంది, వారం వారం కూర్చునేదే" అన్నారాయన.

"కూర్చుంటారు. కూర్చుని చూశారా ఎప్పుడైనా?"

కూర్చున్నారు. ఎదురుగా లైట్లు కళ్ళల్లోకి కొడుతున్నాయి. వాటి వెనక నూట అరవై నాలుగు కుర్చీల జాడే లేదు, బావిలోకి తొంగిచూసినట్టు అంతా నలుపు. మొదటి వరస కూడా కనబడలేదు.

"అందుకేనండీ ఇక్కడ ఎక్కువసేపు కూర్చుంటాను" అంది అత్తయ్య. "ప్రభువా, ఈయనకి మా మొహాలు చూపించు అని."

అయ్యగారు లేచి లైట్లు ఆర్పేశారు. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో కుక్కుకున్నారు. ఇంటికి వెళ్ళేముందు గోడవార విడిగా పడి ఉన్న ఒక విరిగిన కుర్చీని తీసుకొచ్చి, కాలికి తాడు కట్టి, స్తంభం వెనక ఉన్న కుర్చీ పక్కన వేశారు.

ఆదివారం జనం వచ్చేసరికి కిటికీలకు నల్ల తెరలు లేవు, వేదిక మీద లైట్లు వెలగడం లేదు. హాలంతా ఎండ. "కరెంటు పోయిందా?" అని సిమెంటు పెద్దాయన కంగారుపడ్డాడు. పాటలయ్యాక అయ్యగారు మైకు దగ్గరికి వచ్చి, జనాన్ని ఒక చివర్నుంచి ఇంకో చివరిదాకా చూశారు. అలా ఒక్కొక్కరినీ చూడడం అత్తయ్యకు తలుపు పక్కన తన ముక్కాలిపీట మీదనుంచి తెలుస్తూనే ఉంది.

"ఇవాళ నా దగ్గర ప్రసంగమూ లేదు, ప్రార్థనా లేదు" అన్నారాయన. "రాసుకున్నది చించేశాను. వీడియో కూడా లేదు, అత్తయ్యగారు వద్దన్నారు. కాసేపు ఎవరమూ ఏమీ మాట్లాడకుండా ప్రభువు దగ్గర కూర్చుందాం. నాకు చేతకాదు. నిన్ననే మొదలుపెట్టాను."

మైకు బల్ల మీద పెట్టి, మెట్లు దిగి, వరసల మధ్యలోంచి నడుచుకుంటూ స్తంభం వెనక్కి వెళ్ళి, తాడు కట్టిన కుర్చీలో కూర్చున్నారు. అమ్మగారు తల తిప్పి చూసింది. ఆ ఇద్దరి మాటలు ఆ పక్కనే తలుపు దగ్గర ఉన్న అత్తయ్యకు తప్ప ఇంకెవరికీ వినబడలేదు.

"ఇవాళ ఏడవరా?" అంది అమ్మగారు.

"రావడం లేదు."

"హమ్మయ్య" అని ఆవిడ తన సంచీ తీసి కింద పెట్టి, కుర్చీ కాస్త ఆయన వైపు జరుపుకుంది.

మొదటి నిమిషం హాలంతా భక్తిగా ఉంది. రెండో నిమిషం దగ్గులు వచ్చాయి. మూడో నిమిషం డ్రైవరు గురక వినబడింది. ఫోటోగ్రాఫరు ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చి, ఫోన్లలో చూసేవాళ్ళంతా సౌండు రావడం లేదని తిడుతున్నారని సైగలు చేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. వేదిక ఖాళీగా ఉంది, అయ్యగారు వెనక ఎక్కడో ఉన్నారు. ఖాళీ వేదికను ఎంతసేపని చూస్తారు? ముందువాళ్ళ మెడలు ఒక్కొక్కటీ వెనక్కి తిరగడం మొదలైంది. లెక్కల మాస్టారు మెడ తిప్పలేక, లేచి కుర్చీనే తిప్పుకుని కూర్చున్నారు. ఆయన్ను చూసి పక్కావిడ తిప్పుకుంది. ఇంకంతే. నేల మీద కుర్చీ కాళ్ళ కిర్రుకిర్రులు మొదలయ్యాయి. ఒకరు ఎత్తి తెచ్చుకున్నారు, ఒకరు ఈడ్చుకొచ్చారు. చూస్తుండగానే కుర్చీలన్నీ స్తంభం చుట్టూ గుంపుగా చేరాయి. మధ్యలో మూడు కుర్చీల హద్దు ఎటుపోయిందో గానీ తోడికోడళ్ళిద్దరూ పక్కపక్కనే పడ్డారు. ఒకావిడ కొంగు ఇంకో ఆవిడ కుర్చీ కాలి కింద చిక్కుకుంటే, ఈవిడ లేచి తీసిచ్చింది.

పదకొండేళ్ళుగా కట్టిన వరసలు కళ్ళముందే చెల్లాచెదురవుతుంటే అత్తయ్య కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది. అప్పుడే చూసింది, అయ్యగారు మొహం అటువైపు, స్తంభం వైపు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంటున్నారు. ఈసారి అవి ఎవరికీ కనబడకూడదన్నట్టు తుడుచుకుంటున్నారు. అమ్మగారు ఆయన చేతి మీద చెయ్యి వేసింది.

సిమెంటు పెద్దాయన మొదటి వరసలో ఒక్కడే మిగిలిపోయాడు. మెడ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, పట్టేసింది. చివరికి లేచి, తన కుర్చీని సిమెంటు బస్తాలా భుజాన వేసుకుని వచ్చి, అందరి మధ్యలో కుదేసుకుని కూర్చున్నాడు. కూర్చున్నాక ఆయన కాళ్ళు కదలడం మానేశాయి. ఆయన్ను అంతసేపు కుదురుగా ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

చివరికి ఆయనే గొంతు సవరించుకున్నాడు. "బోల్టులు బిగించి ఉంటే ఇవాళ నా మెడ విరిగేది. ఆ మెత్తటి సీట్ల సంగతి మర్చిపొండి. అత్తయ్యగారూ, మీకు విశ్రాంతి లేదు."

"బతికించావు నాయనా" అంది అత్తయ్య. హాలంతా నవ్వింది.

అయ్యగారు లేచి నిలబడ్డారు. "ముగింపు ప్రార్థన అత్తయ్యగారు చేస్తారు."

అత్తయ్య మోకాళ్ళు పట్టుకుని లేచింది. నాలుక మళ్ళీ పిడచకట్టింది. సర్వోన్నతుడు, కరుణాసాగరుడు, పాదపద్మములు అన్నీ నోటిదాకా వచ్చి నిలబడ్డాయి. వాటిని మింగేసింది. తల ఎత్తి చూసింది. మాస్టారు, తోడికోడళ్ళు, కళ్ళు నులుముకుంటున్న డ్రైవరు, కెమెరా ఆపేసి చతికిలబడ్డ ఫోటోగ్రాఫరు, తలుపు దగ్గర కోడలు, స్తంభం ముందుకు కుర్చీ జరుపుకుని కూర్చున్న అమ్మగారు, ఆవిడ పక్కన అయ్యగారు.

"ప్రభువా" అంది. "అందరూ వచ్చారు. ఆమేన్."

ఈసారి ఎవరూ గొల్లుమనలేదు. ఒక్క క్షణం ఆగి సిమెంటు పెద్దాయన "ఆమేన్!" అని రేకులు అదిరేలా అన్నాడు. ఆ కేకకు డ్రైవరు పూర్తిగా మేలుకుని, స్టాపు వచ్చిందనుకుని లేచి నిలబడ్డాడు. అప్పుడు నవ్వారు అందరూ. అందరికంటే గట్టిగా అత్తయ్యే నవ్వింది.